స్కాట్లాండ్ చేయి, ఫిలడెల్ఫియా కాలు, హైతీ తల: అమెరికా సాకర్ సమాఖ్యకు బహిరంగ లేఖ

అమెరికా సాకర్ సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం. మీకు తెలుగు రాదని తెలిసే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీ దేశంలో తెలుగు చదవగలిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు శనివారం పొద్దున్నే మోకాళ్లదాకా సాక్సు లాక్కుని మీ పచ్చిక మైదానాల్లోనే పరుగెత్తుతున్నారు. ఆ తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు దీన్ని మీకు చదివి వినిపించకపోరు. నేను సికింద్రాబాద్ వాణ్ని. బ్యాంకులో లెక్కలు చూసి చూసి రిటైరయ్యాను. ఫుట్‌బాల్ ఆడింది తక్కువ, గట్టున కూర్చుని చూసింది ఎక్కువ.

2025 డిసెంబరులో ఏ జట్టు ఏ గ్రూపులో ఆడాలో తేల్చే ప్రపంచ కప్ డ్రా తీసినప్పుడు సి గ్రూపులో బ్రెజిల్, మొరాకో, హైతీ, స్కాట్లాండ్ పడ్డాయి. అందరూ బ్రెజిల్ గురించి మాట్లాడుకున్నారు. నా చూపు చివరి రెండు పేర్ల దగ్గర ఆగింది. షెడ్యూలు ప్రకారం 2026 జూన్ 13న బోస్టన్ పక్కన ఫాక్స్‌బరోలో హైతీ, స్కాట్లాండ్ తలపడాలి. ఈ రెండు దేశాల మనుషులు ఇంతకుముందు ఒక ప్రపంచ కప్ మ్యాచ్‌లో కలిశారు. ఎదురెదురుగా కాదు, ఒకే జట్టులో. ఆ జట్టు మీది.

1950 జూన్ 29. బ్రెజిల్‌లోని బెలో హరిజొంతె నగరం, ఇండిపెండెన్సియా మైదానం. అవతల ఇంగ్లండ్. ఆల్ఫ్ రామ్సే, బిల్లీ రైట్, టామ్ ఫిన్నీ, స్టాన్ మోర్టెన్సన్ దిగారు. అమెరికా మీద ఆడటానికి స్టాన్లీ మాథ్యూస్ దాకా ఎందుకని ఆయనను గట్టున కూర్చోబెట్టారు. ఇవతల మీవాళ్లు. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ సెయింట్ లూయిస్‌లో శవాల బండి నడిపేవాడు. హారీ కియో ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. వాల్టర్ బార్ ఫిలడెల్ఫియాలో బడిపంతులు. ముందువరుసలో నడిమి స్థానంలో నిలబడిన కుర్రాడు న్యూయార్క్‌లో ఒక హోటల్లో అంట్లు తోమేవాడు. అతని పేరు జో గేట్జెన్స్. హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్ అతని ఊరు.

38వ నిమిషం. ఆ రోజు మీ కెప్టెన్ ఎడ్ మెకిల్వెనీ, స్కాట్లాండ్‌లోని గ్రీనక్‌లో పుట్టినవాడు. బ్రిటన్ నుంచి వచ్చినవాడు కాబట్టి ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు అతనే నాయకుడిగా ఉండాలని కోచ్ బిల్ జెఫ్రీ నిర్ణయించాడు. ఆ కోచ్ కూడా స్కాట్లాండ్ వాడే. మెకిల్వెనీ త్రో-ఇన్ విసిరాడు, అంటే గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరాడు. బంతి వాల్టర్ బార్‌కు చేరింది. బార్ దాదాపు 25 గజాల దూరం నుంచి గోలు మీదికి కొట్టాడు. ఇంగ్లండ్ గోల్‌కీపర్ బెర్ట్ విలియమ్స్ దాన్ని అందుకోవడానికి ఒక పక్కకు కదిలాడు. ఆ క్షణాన గేట్జెన్స్ గాల్లోకి దూకి తల అడ్డం పెట్టాడు. బంతి దారి మార్చుకుని రెండో పక్క నుంచి వలలోకి వెళ్లింది. స్కాట్లాండ్ చేయి, ఫిలడెల్ఫియా కాలు, హైతీ తల. స్కోరు 1-0. చివరిదాకా అంతే.

అది కావాలని కొట్టినది కాదు, తలకు తగిలి పోయిందంతే అని ఆనాటి నుంచీ అంటున్నవాళ్లు ఉన్నారు. నాకు ఈ వాదన వింటే ఒళ్లు మండుతుంది. నేల మీద నిలబడినవాడికి బంతి తగిలితే అదృష్టం అనుకోవచ్చు. బంతి ఎక్కడికి రాబోతోందో ముందే లెక్కకట్టి, గాల్లో పడుకుని, ముఖం నేలకు కొట్టుకుంటుందన్న వెరపు లేకుండా దూకినవాడిది అదృష్టం ఎలా అవుతుంది? ఆట ముగిశాక బ్రెజిల్ ప్రేక్షకులు అతన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. ఆ ఫోటో మీ కార్యాలయంలో ఉండే ఉంటుంది. చూశారా, నవ్వుతున్న ఆ ముఖాన్ని ఎప్పుడైనా? గెలుపు కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనిపిస్తుంది అందులో.

మీ దేశం నుంచి అక్కడున్న విలేఖరి ఒకే ఒక్కడు, సెయింట్ లూయిస్ పోస్ట్-డిస్పాచ్‌కు రాసే డెంట్ మెక్‌స్కిమింగ్. అతను కూడా సెలవు పెట్టుకుని వచ్చినవాడే.

ఇంతకీ ఈ హైతీ కుర్రాడు మీ జట్టులోకి ఎలా వచ్చాడు? నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

అతను 1924లో పుట్టాడు. మరీ సంపన్నులు కాకపోయినా పరువున్న కుటుంబం, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన పూర్వీకుల వంశం. 14 ఏళ్లకే ఎత్వాల్ హైసియెన్ అనే క్లబ్బులో చేరి, 1942లో, 1944లో దానితో పాటు హైతీ లీగు గెలిచాడు. కానీ అక్కడ బంతి తన్నితే అన్నం పుట్టదు. 1947లో హైతీ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో కొలంబియా విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదవడానికి న్యూయార్క్ వెళ్లాడు. డబ్బు చాలక ఒక హోటల్లో అంట్లు తోమే పనికి కుదిరాడు. ఆ హోటలు యజమానికే బ్రూక్‌హాటన్ అనే సాకర్ జట్టు కూడా ఉంది. అదే అతని దారి మలుపు. 1949-50లో అమెరికన్ సాకర్ లీగులో 15 మ్యాచ్‌లకు 18 గోల్స్ కొట్టి అందరికన్నా ముందు నిలిచాడు. వారమంతా అకౌంట్ పుస్తకాలు, అంట్ల తొట్టి, ఆదివారం గోల్స్.

తెలుగువాళ్లకు ఈ కథలో సగం కొత్త కాదు. మా అన్నయ్య కూతురు ఎం.ఎస్. చదవడానికి మీ దేశం వెళ్లినప్పుడు క్యాంపస్ క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగింది. ఇంట్లో ఎన్నడూ కాఫీ గ్లాసు కూడా తొలిచి ఎరగని పిల్ల. ఫోనులో నవ్వుతూ చెప్పేది, వాళ్లమ్మ మాత్రం ఫోను పెట్టేశాక కళ్లొత్తుకునేది. అంట్లు తోమిన చేతులు అవే అయినప్పుడు, ఆ చేతుల యజమాని ఇంగ్లండ్‌ను ఓడించాడంటే నాకు లోపల ఏదో కదులుతుంది. నా బంధువు గెలిచినట్టు ఉంటుంది.

సరే, ప్రశ్నకు వస్తాను. గేట్జెన్స్ అమెరికా పౌరుడు కాదు. మెకిల్వెనీ కాదు. వెనకవరుసలో ఆడిన జో మాకా కూడా కాదు, అతను బెల్జియం వాడు. అప్పట్లో మీ సమాఖ్య నియమం ప్రకారం, పౌరసత్వం తీసుకునే ఉద్దేశం ఉందని ప్రకటిస్తే చాలు, జట్టులోకి తీసుకునేవారు. ఆ ముగ్గురూ అలా వచ్చినవాళ్లే. దీని మీద తర్వాత ఆక్షేపణ వస్తే, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా విచారించి 1950 డిసెంబరులో తప్పు లేదని తేల్చింది. గేట్జెన్స్ ఆ తర్వాత ఎన్నడూ అమెరికా పౌరుడు కాలేదు. మీ జెర్సీ వేసుకుని ఆడింది ఆ ప్రపంచ కప్‌లోని మూడు మ్యాచ్‌లే. స్పెయిన్ మీద 3-1తో, చిలీ మీద 5-2తో ఓడిపోయారు. మధ్యలో ఆ ఒక్కటి.

బ్యాంకులో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ఒకటి బాగా తెలుసు. కాగితాలు పూర్తిగా లేని మనిషికి అప్పు ఇవ్వాలంటే మేనేజరు అతని ముఖం చూసి నిర్ణయించుకోవాలి. ఆ రోజుల్లో అలా ఇచ్చినవి కొన్ని మునిగాయి, కొన్ని ఊళ్లనే నిలబెట్టాయి. 1950లో మీ సమాఖ్య ఒక హైతీ విద్యార్థి ముఖం చూసి, మాట నమ్మి, జెర్సీ ఇచ్చింది. మీ చరిత్రలో అంతకన్నా మంచి అప్పు నాకు కనిపించదు.

మధ్యలో మా సంగతి ఒకటి చెప్పాలి, అడ్డం వచ్చినందుకు మన్నించండి. అదే ప్రపంచ కప్‌లో భారత జట్టు కూడా ఆడాల్సింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గ్రూపులో మా పేరు ఉంది. మేం వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమని ఫీఫా అందని, అందుకే మానుకున్నామని ఇక్కడ చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. నిజానికి దూర ప్రయాణం, చాలని సన్నాహం, ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ ఎంత అన్న చిన్నచూపు, ఇవన్నీ కలిసి ఆపాయి. మా నాన్న ఈ మాట ఎత్తితే చాలు రుసరుసలాడేవారు. అదే ఏడాది మా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు, రహీం సాబ్ శిక్షణలో, డ్యూరాండ్ కప్ గెలిచింది మరి. ‘బూట్లు లేక కాదురా, బుద్ధి లేక’ అనేవారు ఆయన. మీకూ ఇలాంటి కట్టుకథ ఒకటుంది. బెలో హరిజొంతె ఫలితం చూసి అచ్చు తప్పేమో అనుకుని, ఇంగ్లండ్ 10-1తో గెలిచిందని లండన్ పత్రికలు వేసేశాయని చెబుతారు. అలా వేసిన పత్రికను మాత్రం ఎవరూ చూపించలేకపోయారు. జ్ఞాపకం సగం చచ్చినప్పుడే ఇలాంటి కథలు మొలుస్తాయి.

గేట్జెన్స్ కథలో మిగతా సగం ఇది. ప్రపంచ కప్ తర్వాత అతను ఫ్రాన్స్ వెళ్లాడు. రేసింగ్ క్లబ్ ద పారిలో కొన్ని ఆటలు, ఆలెస్‌లో మరికొన్ని. మోకాళ్లు సహకరించలేదు. తిరిగి స్వదేశం చేరాడు. 1953 డిసెంబరులో హైతీ జెర్సీ వేసుకుని మెక్సికోతో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడి ఓడిపోయాడు. గమనించారా? మూడేళ్ల కింద మీవాడు, ఇప్పుడు హైతీవాడు. ఇవాళ్టి నియమాల్లో అలా కుదరదు. పోర్టో ప్రిన్స్‌లో అతనికి మంచి పేరు, మన్నన. కోల్గేట్, పామోలివ్ సబ్బులకు ప్రచారం చేశాడు. డ్రైక్లీనింగ్ దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లి, ముగ్గురు కొడుకులు.

1957లో ఫ్రాన్స్వా డువాలియే అధ్యక్షుడయ్యాడు. అతని చేతిలో ఎన్నికల్లో ఓడిన లూయీ దెజ్వాకు గేట్జెన్స్ కుటుంబంతో చుట్టరికం ఉంది, మద్దతూ ఉంది. తమ్ముళ్లలో కొందరు పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్ చేరి డువాలియేను దించాలని ప్రయత్నిస్తున్న ప్రవాసులతో కలిశారు. జోకి మాత్రం రాజకీయం పట్టదు. 1964 జూన్‌లో డువాలియే తానే జీవితకాల అధ్యక్షుణ్నని అనిపించుకున్నాక ఇంట్లోవాళ్లు చాలామంది దేశం విడిచిపోయారు. జో పోలేదు. ఆటగాణ్ని, నన్నెవరు ఏం చేస్తారు అన్నది అతని ధీమా.

డువాలియే ప్రైవేటు సైన్యాన్ని జనం టోంటన్ మకూట్ అనేవారు. హైతీ పిల్లల కథల్లో అల్లరి పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోయే మామయ్య పేరది. మన బూచాడు లాంటివాడు. కథలోని బూచాడికి తుపాకీ ఉండదు, అంతే తేడా. 1964 జూలై 8 ఉదయం వాళ్లు డ్రైక్లీనింగ్ దుకాణం దగ్గర గేట్జెన్స్‌ను పట్టుకున్నారు. అతని కారులోనే అతన్ని ఎక్కించుకుని ఫోర్ డిమాంష్ అనే జైలుకు తీసుకుపోయారు. డిమాంష్ అంటే వాళ్ల భాషలో ఆదివారం. న్యూయార్క్‌లో అతను గోల్స్ కొట్టిన రోజూ ఆదివారమే. ఆ తర్వాత అతన్ని బతికి ఉండగా చూసినవాళ్లు బయటికి వచ్చి చెప్పింది తక్కువ. ఆ నెలలోనే చంపేశారని అందరూ నమ్ముతారు. శవం దొరకలేదు. అప్పటికి అతనికి 40 ఏళ్లు.

1976లో మీ నేషనల్ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు చేర్చారు. మంచిపనే. అప్పటికి పన్నెండేళ్లు దాటింది.

ఇక ఇవాళ్టికి వద్దాం. 2025 నవంబరు 18న హైతీ నికరాగ్వాను 2-0తో ఓడించి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. 1974 తర్వాత ఇదే మొదటిసారి. 1803లో ఫ్రెంచి సైన్యాన్ని వెర్తియేర్ యుద్ధంలో ఓడించిన రోజు కూడా నవంబరు 18నే, కాబట్టి హైతీలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోయి ఉండరు. ఆ మ్యాచ్ హైతీలో జరగలేదు, కురసావ్ దీవిలో జరిగింది. సాయుధ ముఠాల చేతుల్లో చిక్కిన పోర్టో ప్రిన్స్‌లో అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే పరిస్థితి లేదు. కోచ్ సెబాస్టియన్ మిన్యే అయితే, అర్హత సాధించేనాటికి హైతీ నేల మీద అడుగే పెట్టలేదు. సొంత ఇంట్లో ఒక్క ఆటా ఆడకుండా ప్రపంచ కప్‌కు చేరిన జట్టు అది. ఆ ఆటగాళ్లు మీ దేశానికి వస్తారు. వాళ్ల జనం రాలేరు. 2025 జూన్‌లో మీ ప్రభుత్వం 12 దేశాల ప్రజల రాకను పూర్తిగా నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వులో హైతీ ఉంది. ప్రపంచ కప్ ఆటగాళ్లకు, కోచ్‌లకు, తప్పనిసరి సిబ్బందికి, వాళ్ల దగ్గరి బంధువులకు మినహాయింపు ఇచ్చారు. టికెట్ కొనుక్కుని పోర్టో ప్రిన్స్ నుంచో కాప్ హైసియెన్ నుంచో రావాలనుకునే మామూలు అభిమానికి ఇవ్వలేదు.

మీరేమంటారో ఊహించగలను. పోటీలు ఫీఫా నడుపుతుంది, వీసాలు ప్రభుత్వం ఇస్తుంది, మా చేతిలో ఏముంది అంటారు. బ్యాంకులో మేమూ ఈ మాటే అనేవాళ్లం. హెడ్డాఫీసు నిబంధన అండీ, మాదేం లేదు అని. ఆ మాట నిజమే అయినా, అంటున్నప్పుడు కౌంటరు అవతలి మనిషి కళ్లలోకి చూడటం కష్టంగానే ఉండేది. బోస్టన్‌లోనూ బ్రూక్లిన్‌లోనూ మయామీలోనూ హైతీ జనం వేలల్లో స్థిరపడ్డారు, స్టేడియం నిండుతుంది, టీవీల్లో జెండాలు కనిపిస్తాయి. కాబట్టి లోటు ఎవరికీ తెలియకపోవచ్చు. అందుకే ఎవరో ఒకరు పైకి చెప్పాలి. ఆతిథ్యం ఇస్తున్న దేశపు సమాఖ్య నోట ఆ మాట వస్తే దానికి ఒక బరువు ఉంటుంది. టికెట్టు ఉన్న హైతీ అభిమానికి కూడా ఆ మినహాయింపు ఇవ్వండి అని మీ ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాయండి. జవాబు రాకపోయినా సరే. నాకూ మీ నుంచి జవాబు వస్తుందన్న భ్రమ లేదు, రాయడం మానానా?

రెండోది మీ చేతిలోని పనే. ఫాక్స్‌బరోలో ఆట మొదలయ్యే ముందు పెద్ద తెర మీద ఆ త్రో-ఇన్, ఆ షాట్, ఆ తల, ముగ్గురి ఫోటోలు, ముగ్గురి ఊళ్ల పేర్లతో చూపించేలా ఫీఫాతో మాట్లాడండి. గ్రీనక్ వాడు విసిరితే పోర్టో ప్రిన్స్ వాడు గోలు చేశాడని స్కాట్లాండ్ అభిమానులకు, హైతీ అభిమానులకు ఒకేసారి తెలియనివ్వండి. మెకిల్వెనీ ఆ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. గేట్జెన్స్ ఎక్కడికి వెళ్లాడో కూడా దాచకుండా చెప్పండి. పుట్టిన తేదీ పక్కన 1964 జూలై 8 కూడా వేయండి. హాల్ ఆఫ్ ఫేమ్ అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. జూన్ 19న హైతీ బ్రెజిల్‌తో ఆడేది ఫిలడెల్ఫియాలో. అది వాల్టర్ బార్ ఊరు. ఆ జట్టులో అందరికన్నా చివరగా, 2018లో కన్నుమూసినవాడు ఆయనే. బ్రెజిల్ అభిమానులూ ఉంటారు, గేట్జెన్స్‌ను భుజాలకెత్తుకున్నవాళ్ల మనవళ్లు. ఒక మ్యాచ్‌లో కుదరకపోతే రెండో మ్యాచ్‌లో చూపించండి.

మా అన్నయ్య కూతురు ఇప్పుడు బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. ఇంకా వీసా మీదే ఉంది, ప్రతి మూడేళ్లకూ కాగితాలు సర్దుకుంటూ. దానికి సాకర్ అంటే పెద్ద ఇష్టం లేదు, కానీ నా పోరు పడలేక జూన్ 13 మ్యాచ్‌కు టికెట్టు సంపాదించింది. ఆట మొదలయ్యే అరగంట ముందే లోపలికి వెళ్లి కూర్చోమని, తెర మీద ఆ కుర్రాడి ముఖం కనిపిస్తే ఫోటో తీసి పంపమని చెప్పాను. ఇక్కడ అప్పటికి మర్నాడు తెల్లవారి ఉంటుంది. మేలుకునే ఉంటాను.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని